చీటీ మీద పేరు, గొట్టంలో నెత్తురు

మన ఇళ్లలో "డాక్టరుగారు టెస్టులు రాశారు" అంటాం. ఢిల్లీలో హిందీవాళ్లు "జాంచ్ లిఖీ హై" అంటారు. రెండు భాషల్లోనూ పరీక్ష మొదలయ్యేది సూదితో కాదు, రాతతో. ఆ రాత ఇప్పుడు చాలాచోట్ల కాగితం మీద పడటం లేదు. డాక్టరు తెర మీద పరీక్ష పేరు ఎంచుకుంటే అది తీగల వెంట ల్యాబ్‌కు చేరుతుంది. కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది, అంతే కదా అనిపిస్తుంది. ఆ రాత లోపల ఏముందో, ఏమేం మోస్తుందో తెలుసుకోవాలంటే అది తెగిపోయిన రోజును చూడాలి.

2022 నవంబరు 23, బుధవారం. న్యూఢిల్లీ అన్సారీనగర్‌లోని ఎయిమ్స్‌లో ఉదయం 7 గంటల ప్రాంతంలో ఈ-హాస్పిటల్ సర్వర్లు పనిచేయడం మానేశాయి. అది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ త్రిపుర శాఖలో పుట్టిన సాఫ్ట్‌వేర్. దేశంలోకెల్లా పెద్ద పేరున్న ఆసుపత్రి అగర్తలాలో అల్లిన దారాల మీద నడుస్తోందని అంతకుముందు ఎందరికి తెలుసు? రాన్సమ్‌వేర్ దాడి జరిగిందని తేలింది. 5 సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు ఎన్‌క్రిప్ట్ చేసేశారని, అంటే తాళంచెవి లేని పెట్టెలో పెట్టేశారని, తరవాత ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అపాయింట్‌మెంట్లు, బిల్లులు, స్మార్ట్ ల్యాబ్, రిపోర్టులు, అన్నీ చేతిరాతకు మళ్లాయి. దాదాపు రెండు వారాలు అలాగే నడిచింది. హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఈఎస్ఐసీ వైద్య కళాశాల నుంచి డాక్టర్ ఎం. శ్రీనివాస్ డైరెక్టరుగా వచ్చి అప్పటికి రెండు నెలలే.

ఆ రోజుల్లో సిబ్బందికి అందిన సూచనల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు: అత్యవసరమైన నమూనాలే పంపండి, అదీ నింపిన ఫారంతోనే పంపండి. ఒక్కసారి ఆలోచించండి. డాక్టర్లు ఉన్నారు. రోగులు ఉన్నారు. సూదులు, గొట్టాలు ఉన్నాయి. రక్తంలో పొటాషియం ఎంతుందో కొలవడానికి విశ్లేషణ యంత్రానికి ఏ సర్వరుతోనూ పని లేదు. అయినా పరీక్షలను అత్యవసరాల వరకే కుదించాల్సి వచ్చింది. యంత్రం కొలవగలదు గానీ, ఈ రక్తం ఎవరిదో, అందులో ఏం కొలవాలో, కొలిచింది ఎవరికి చెప్పాలో దానికి తెలియదు. ఆ మూడూ చెప్పేదే ఆర్డరు.

ఆ దారి వెంట ఒకసారి నడుద్దాం. వార్డులో జూనియర్ రెసిడెంట్, అక్కడి మాటలో జేఆర్, కంప్యూటర్ ముందు కూర్చుని రోగి నంబరు కొడతారు. పొటాషియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ ఎంచుకుంటారు. ఆ క్షణంలో ఒక ల్యాబ్ నంబరు పుడుతుంది. దాన్ని బార్‌కోడ్‌గా ముద్రిస్తారు. పొటాషియంకు పసుపు మూత గొట్టం, హిమోగ్లోబిన్‌కు ఊదా మూత గొట్టం అని లేబులే చెబుతుంది. ఢిల్లీలో వీటిని వయల్ అంటారు, 'పర్పుల్ వయల్' తెమ్మంటారు. లేబుల్‌ను గొట్టం పొడవునా నిటారుగా అంటించాలి. అడ్డంగా చుడితే గొట్టం వంపులో గీతలు దాక్కుని స్కానర్‌కు కనపడవు. ల్యాబ్‌లో ఇంత చిన్న పొరపాటుకు వరస మొత్తం ఆగుతుంది.

గొట్టం యంత్రంలోకి వెళ్లాక జరిగేది నాకెంతో ఇష్టమైన ఘట్టం. యంత్రం గీతలు చదివి, ల్యాబ్ కంప్యూటర్‌ను అడుగుతుంది: ఈ నంబరు గొట్టంలో నేనేం చూడాలి? అటునుంచి జవాబు వస్తుంది: పొటాషియం, క్రియాటినిన్. ఆ రెండే కొలిచి, అదే నంబరు మీద అంకెలు తిరిగి పంపుతుంది. ఈ మాటల మార్పిడికి ఒక వ్యాకరణం ఉంది. ఆసుపత్రి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1987లో అమెరికాలో మొదలైన హెచ్ఎల్7 అనే ప్రమాణంలో ప్రశ్నకు ఒక తరహా సందేశం, జవాబుకు మరో తరహా సందేశం ఉంటాయి. ప్రశ్న ఎక్కడ పుట్టిందో జవాబు అక్కడికే చేరాలి. ఎయిమ్స్‌లో ఆ బుధవారం తెగింది ఈ సంభాషణే. గొట్టాల మీద పేర్లు చేత్తో రాయాలి, ఫారంలో మళ్లీ రాయాలి, ల్యాబ్ రిజిస్టరులో మళ్లీ రాయాలి, ఫలితం కాగితం మీద మళ్లీ రాయాలి. ఒకే పేరు నాలుగుసార్లు. ప్రతి రాతా తప్పడానికి ఒక అవకాశం.

ల్యాబ్ తప్పు అనగానే మనకు యంత్రమో, రసాయనమో గుర్తొస్తాయి. నిజానికి తప్పులు ఎక్కువగా జరిగేది గొట్టం యంత్రాన్ని చేరక ముందే. ఇటలీలో పాదువా ఆసుపత్రికి చెందిన మారియో ప్లెబాని, పావొలో కరారో 1997లో ప్రచురించిన లెక్క ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. 40,490 పరీక్షల్లో 189 తప్పులు దొరికితే, అందులో 68 శాతం కొలతకు ముందు దశవే: తప్పు గొట్టం, తప్పు రోగి, పోయిన ఫారం, సరిగా తీయని రక్తం. పదేళ్ల తరవాత 2007లో మళ్లీ లెక్క కట్టారు. తప్పులు తగ్గాయి గానీ, 62 శాతం మళ్లీ ఆ దశలోనే. మనిషి చేయి, మనిషి కన్ను, మనిషి తొందర ఉన్నచోట.

అన్నిటికన్నా భయపెట్టేది ఒకరి రక్తం మరొకరి పేరున్న గొట్టంలోకి వెళ్లడం. 2003లో పలు దేశాల ఆసుపత్రుల్లో రక్త గ్రూపు కోసం తీసిన నమూనాలను పరిశీలిస్తే సుమారు 2,000లో ఒకటి ఇలాంటిది తేలింది. మన వార్డుల్లో "14వ బెడ్" అని పిలుచుకోవడం ఎంత మామూలో తెలిసినవాళ్లకు ఈ అంకె నమ్మశక్యంగానే ఉంటుంది. పొద్దున 14లో ఉన్నాయన మధ్యాహ్నానికి 16కు మారతారు. ఒకే వార్డులో ఇద్దరు రాజ్‌కుమార్‌లు, మన దగ్గరైతే ఇద్దరు వెంకటేశ్వర్లు. రోగి మణికట్టు పట్టీని స్కాన్ చేసి, లేబుల్‌ను మంచం పక్కనే ముద్రించే పద్ధతిలో ఇలాంటి తప్పులు దాదాపు ఐదో వంతుకు పడిపోయాయని 2019లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. పడిపోయాయి, పోలేదు. ముందే ముద్రించిన లేబుళ్ల కట్టను జేబులో వేసుకుని వార్డంతా తిరిగితే బార్‌కోడ్ ఎవర్నీ కాపాడదు. తప్పుడు రోగి పేరును అది ఎంతో కచ్చితంగా మోసుకెళ్తుంది.

అందుకే ల్యాబ్ వైపు మరో కాపలా ఉంటుంది. దాన్ని డెల్టా చెక్ అంటారు. ఇవాళ్టి ఫలితాన్ని అదే రోగి పాత ఫలితంతో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. ఇందులో ఎర్రకణాల సగటు పరిమాణం చాలా ఉపయోగపడుతుంది. హిమోగ్లోబిన్ రక్తస్రావంతో ఒక్క రోజులో పడిపోవచ్చు, చక్కెర గంటలోనే మారిపోవచ్చు. ఎర్రకణం సైజు మాత్రం, రక్తం ఎక్కించకపోతే, రోజుల తేడాలో పెద్దగా మారదు. నిన్న 92 ఉన్నది ఇవాళ 71 వస్తే, మారింది రోగి ఆరోగ్యం కాదు, బహుశా రోగే. ఈ పోలిక జరగాలంటే నిన్నటి అంకె అందుబాటులో ఉండాలి. రిజిస్టరులో ఉన్న అంకెను ఎవరూ ప్రతి గొట్టానికీ పేజీలు తిప్పి చూడలేరు.

ఇక సమయం సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇది మా ఇంట్లో జరిగింది.

కొన్నేళ్ల కిందట, జనవరిలో, నోయిడాలో ఉన్న అక్క దగ్గరకు నాన్నగారు వెళ్లారు. బీపీ మందులు మార్చాక ఒకసారి పరీక్ష చేయించమని డాక్టరు రాస్తే, పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు. రాత్రి 10 దాటాక ఫోను: పొటాషియం 6.8, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మామూలుగా 3.5 నుంచి 5.1 మధ్య ఉండాల్సింది. 6.5 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. పొగమంచులో కారు తోలుకుంటూ బావ ఆసుపత్రికి చేరేసరికి అర్ధరాత్రి. ఈసీజీ బాగుంది. మళ్లీ రక్తం తీశారు. 4.4.

నాన్నగారి పొటాషియం ఎప్పుడూ పెరగలేదు. పెరిగింది గొట్టంలో. మన కణాల లోపల పొటాషియం బయట రక్తద్రవంలో ఉన్నదానికి 30 రెట్లకు పైనే ఉంటుంది. కణం గోడలో ఉన్న పంపులు శక్తి ఖర్చుపెట్టి, బయటికి కారిపోయే పొటాషియంను నిమిషనిమిషం లోపలికి తోడిపోస్తుంటాయి. చలిలో ఆ పంపులు మందగిస్తాయి, కారడం మాత్రం ఆగదు. ఢిల్లీ జనవరిలో 5 డిగ్రీల చలిలో, ఒక సంచిలో, ఇల్లిల్లూ తిరిగే మోటార్‌సైకిల్ మీద గంటలపాటు ప్రయాణించిన గొట్టంలో పొటాషియం కణాల్లోంచి బయటికి వచ్చేస్తుంది. వేసవిలో కథ మరోలా ఉంటుంది. 45 డిగ్రీల ఎండకు కణాలు గొట్టంలోని చక్కెరను వేగంగా తినేస్తాయి. మామూలు గది వేడిలోనే, కణాలను వేరుచేయని రక్తంలో గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గుతుంది. మధుమేహం ఉన్నవారికి లేదని చెప్పడానికి ఇది చాలు.

ఆ రోజు నాన్నగారి ఫారంలో "నమూనా తీసిన సమయం" అనే గడి ఖాళీగా ఉంది. అది నిండి ఉంటే, గొట్టం ల్యాబ్‌కు చేరేసరికి ఎన్ని గంటలు గడిచాయో ఎవరైనా చూసి ఉండేవారు. ఎలక్ట్రానిక్ ఆర్డరులో ఆ గడి ఖాళీగా ఉండే వీలు తక్కువ. మంచం పక్కన లేబుల్ స్కాన్ చేసిన క్షణమే సమయం నమోదవుతుంది, ల్యాబ్ గుమ్మంలో మళ్లీ నమోదవుతుంది. రెండింటి తేడా పరిమితి దాటితే పొటాషియంను కొలవకుండానే తిప్పి పంపమని కంప్యూటర్‌కు చెప్పి పెట్టవచ్చు. ఎలక్ట్రానిక్ ఆర్డరు అంటే వేగం అని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ ఒక్క గడి కోసమైనా అది కావాలి.

ఆర్డరును కంప్యూటర్‌కు అప్పగించే ఆలోచన కొత్తది కాదు. రక్తంలోని రసాయనాలను వరసగా కొలిచే ఆటోఅనలైజర్‌ను లియొనార్డ్ స్కెగ్స్ రూపొందిస్తే, టెక్నికాన్ సంస్థ 1957లో అమ్మకానికి తెచ్చింది. ఆ యంత్రంతో పరీక్షలు వేలల్లోకి పెరిగాయి. వాటిని అడిగే చీటీలూ అంతే పెరిగాయి. 1971లో కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలోని ఎల్ కమీనో ఆసుపత్రిలో డాక్టర్లు తెర మీద లైట్ పెన్నుతో తాకి ఆర్డర్లు ఇవ్వడం మొదలైంది. ఆ వ్యవస్థను విమానాలు చేసే లాక్‌హీడ్ సంస్థ నిర్మించగా, తరవాత కొనుక్కున్నది అదే టెక్నికాన్. జవాబిచ్చే యంత్రం అమ్మినవాళ్లే ప్రశ్న అడిగే తెరనూ అమ్మారన్నమాట.

ఇంతవరకూ ఒకే ఆసుపత్రి గోడల మధ్య మాట. ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో రోగి ఒకచోట ఉండరు. గురుగ్రామ్‌లో ఉద్యోగం, ఘాజియాబాద్‌లో ఇల్లు, చూపించుకునేది ఢిల్లీలో. హరియాణా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ, మూడు ప్రభుత్వాల నేల మీద ఒకే మనిషి రిపోర్టులు. ఎయిమ్స్ మెట్రో స్టేషన్లో దిగి చూడండి, ప్రతి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో ఏళ్ల తరబడి పేరుకున్న కాగితాలు. ఆ సంచిని కంప్యూటర్‌లోకి ఎక్కించడమే ఇప్పుడు దేశం తలకెత్తుకున్న పని. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. 2022 అక్టోబరులో ఢిల్లీ లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ చీటీ తీసుకునే పద్ధతి ఆరంభమైంది. కౌంటర్ ముందు పెద్దవాళ్లు నిలబడే గంటలు దానివల్ల తగ్గాయంటే అది చిన్న సంగతి కాదు.

కానీ ల్యాబ్ రిపోర్టును ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పంపడం వేరు, అది అర్థం కావడం వేరు. మన హైదరాబాద్, విజయవాడల్లో ఏ మందుల షాపు కుర్రాణ్ని అడిగినా సీబీపీ అంటే తెలుసు. ఢిల్లీలో సీబీపీ అంటే తెల్లమొహం వేస్తారు, అక్కడ అది సీబీసీ, లేదా హీమోగ్రామ్. మూత్రపిండాల పరీక్ష, మన ఆర్‌ఎఫ్‌టీ, అక్కడ కేఎఫ్‌టీ. గల్ఫ్ నుంచి వచ్చిన మన కరీంనగర్ అబ్బాయి రిపోర్టులో పరగడుపు చక్కెర 7 అని ఉంటే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, కొలమానం వేరని తెలియక. దాన్ని 18తో గుణిస్తే మనకు తెలిసిన లెక్కలో 126, మధుమేహానికి గీత గీసిన చోటు అదే. మనిషి అడిగి తెలుసుకుంటాడు. కంప్యూటర్‌కు ఆ చొరవ ఉండదు.

దీనికి మందు 1994లో అమెరికా ఇండియానాపొలిస్‌లోని రీజెన్‌స్ట్రీఫ్ సంస్థలో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ బృందం మొదలుపెట్టిన లాయింక్ అనే నామావళి. ప్రతి పరీక్షకూ ఒక నంబరు. రక్తంలో హిమోగ్లోబిన్ 718-7. సీరంలో, ప్లాస్మాలో పొటాషియం 2823-3. ఏ పదార్థం, ఏ లక్షణం, ఏ సమయం, ఏ ద్రవంలో, ఏ రకం కొలత, ఏ పద్ధతి అనే ఆరు విషయాలతో ఒక్కో నంబరు అర్థం స్థిరపడుతుంది. నోయిడా ల్యాబ్ ఏ పేరు పెట్టుకున్నా, నారాయణగూడ ల్యాబ్ ఏ పేరు పెట్టుకున్నా, 718-7 అంటే ఇద్దరికీ ఒకటే. భారత ప్రభుత్వ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు కూడా దీన్నే సూచించాయి. సూచించడం సులువు. వేలాది చిన్న ల్యాబ్‌లలో ఒక్కొక్క పరీక్షకూ కూర్చుని ఈ నంబరు తగిలించడం చాలా ఓపికతో, ఎవరి కంటా పడకుండా చేయాల్సిన పని. ఈ పని చేసేవాళ్లకు మనం ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వడం లేదని నా గట్టి అభిప్రాయం.

నారాయణగూడ అన్నాను కాబట్టి చెబుతాను. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2018లో హైదరాబాద్ నారాయణగూడలోనే మొదలై, 2021 జూన్‌లో 19 జిల్లా కేంద్రాలకు విస్తరించింది. బస్తీ దవాఖానాలోనో, పీహెచ్‌సీలోనో రక్తం తీస్తారు, పెద్ద ల్యాబ్‌లో కొలుస్తారు, ఫలితం ఫోనుకు వస్తుంది. రోగి కదలకుండా గొట్టం కదిలే పద్ధతి. ఇక్కడ ఆర్డరు మోసుకుపోయే పేరూ సమయమే ప్రాణం, ఎందుకంటే కొలిచేవాళ్లు రోగిని ఎన్నడూ చూడరు.

మరో వైపు కూడా చూడాలి. చీటీ రాయడానికి ఉన్న శ్రమ ఒక్కోసారి మేలు చేసేది. తెర మీద "ఫుల్ ప్రొఫైల్" అనే ఒక్క గడి నొక్కితే 20 పరీక్షలు పోతాయి. ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది పడే హద్దునే మనం "నార్మల్" అంటాం. కాబట్టి ఏ రోగమూ లేని మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒకటైనా హద్దు దాటే అవకాశం 64 శాతం. ఆ ఒక్కటి పట్టుకుని స్కాన్, స్కాన్ తరవాత మరో స్పెషలిస్టు. ఎన్‌సీఆర్‌లో హోర్డింగుల మీద కనిపించే ప్యాకేజీలు చాలా కుటుంబాలను ఈ దారి పట్టించాయి.

అడగడాన్ని సులువు చేసిన తెరే ఆలోచించేలానూ చేయగలదు. 1990లో విలియం టియర్నీ, మెక్‌డొనాల్డ్ ఇండియానాపొలిస్‌లో ఒక ప్రయోగం ప్రచురించారు. డాక్టరు పరీక్ష ఎంచుకోగానే దాని ఖరీదు తెర మీద చూపించారు, అంతే. వద్దనలేదు. ఒక్కో రోగికి రాసే పరీక్షలు సుమారు 14 శాతం తగ్గాయి. ఖరీదు చూపడం ఆపాక ఆ తేడా క్రమంగా తరిగిపోయింది. ఎయిమ్స్ 2022 మే నెలలో 300 రూపాయల లోపు పరీక్షలకు రుసుము ఎత్తేసింది. దూరాల నుంచి వచ్చే పేదలకు అది గొప్ప మేలు, అక్కడ ఖరీదు చూపాలని నేను అనను. ఆ చోటులో గత ఫలితాన్నీ, దాని తేదీనీ చూపిస్తే చాలు. మూడు రోజుల కిందటే థైరాయిడ్ చూశారని కనపడితే, మళ్లీ సూది గుచ్చాలా అని ఏ డాక్టరైనా ఒక్క క్షణం ఆగుతారు. నెలలు నిండకుండా పుట్టిన కిలో బరువు బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం 90 మిల్లీలీటర్లకు అటూఇటూ. ఆ బిడ్డకు రోజూ రాసే ప్రతి పరీక్షా లెక్కలోకి వస్తుంది.

ఎయిమ్స్‌కు తిరిగి వద్దాం. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు మిగిలింది. ఈ-హాస్పిటల్ సమాచారాన్ని దానిలోంచి తీసి కొత్త సర్వర్ల మీద పెట్టారు. డిసెంబరు మొదటి వారం దాటేసరికి కౌంటర్లు ఒక్కొక్కటిగా మళ్లీ కంప్యూటర్ల మీదకు వచ్చాయి. పాత అంకెలు తిరిగొచ్చాయి. నేను ఆలోచించేది ఆ రెండు వారాల గురించి. ఏ ఆసుపత్రిలోనైనా వ్యవస్థ ఆగిన రోజుల్లో కాగితం మీద పుట్టిన ఫలితాలు తరవాత ఎవరో కూర్చుని ఎక్కించకపోతే, ఆ రోగి చరిత్రలో ఒక ఖాళీ మిగిలిపోతుంది. డెల్టా చెక్ ఆ ఖాళీని దాటి వెనక్కి చూసి, నవంబరు నాటి హిమోగ్లోబిన్‌తో డిసెంబరు నాటిదాన్ని పోలుస్తుంది. మధ్యలో రక్తం ఎక్కించారన్న సంగతి దానికి తెలియదు. అందుకే కంప్యూటర్ ఆగిపోయినప్పుడు వాడటానికి ముందే నంబర్లు ముద్రించిన ఫారాల కట్టను, వాటికి సరిపోయే లేబుళ్లను ప్రతి వార్డులో బీరువాలో ఉంచాలి. నెలకోసారి ఒక పూట వాటితోనే పని చేసి చూడాలి. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి ఎక్కడుందో వెతుక్కునే ఇల్లు కాదు కదా, ఆసుపత్రి. ఆ ఫారంలో పేరు గడి పక్కనే, అంతే పెద్దదిగా, రక్తం తీసిన సమయం గడి ఉండాలి.